పీహెచ్‌సీలో పిల్లల పుస్తకాల మూల: టీకా తర్వాతి అరగంటకు ఒక లెక్క

క్లుప్తంగా: ఊరి ఆరోగ్య కేంద్రంలోనో బస్తీ దవాఖానాలోనో పిల్లలకు పుస్తకాల మూల పెట్టడం పెద్ద ఖర్చుతో కూడిన పనేమీ కాదు. పెట్టాక అది నడవడమే కష్టం. వచ్చే పిల్లల వయసుకు, పెట్టే పుస్తకాలకు పొంతన కుదరదు. కూర్చునే చోటికి టోకెన్ పిలుపు వినపడదు. అన్నిటికన్నా ముఖ్యంగా, పుస్తకాన్ని స్టాక్ రిజిస్టర్‌లో ఆస్తిగా రాస్తారు కాబట్టి అది బీరువాలోకి పోతుంది. గోడ మీద బొమ్మల కంటే ఈ మూడు విషయాల మీదే ఆ మూల భవిష్యత్తు ఆధారపడి ఉంటుంది.

తెలుగు రాష్ట్రాల్లో బుధ, శనివారాలు టీకాల రోజులు. ఆ రోజుల్లో పొద్దున పదింటికి ఏ ప్రాథమిక ఆరోగ్య కేంద్రం (పీహెచ్‌సీ) వరండా చూసినా ఇంచుమించు ఒకే దృశ్యం కనిపిస్తుంది. తల్లి ఒళ్లో పసిబిడ్డ, చేతిలో టీకాల కార్డు, పక్కనే కొంగు పట్టుకుని నిలబడ్డ మూడేళ్ల పెద్దపిల్ల. సూది వేశాక వెంటనే ఇంటికి పంపరు. టీకా పడక ఊపిరి అందకపోవడం, ఒళ్లంతా దద్దుర్లు రావడం చాలా అరుదు. వస్తే మాత్రం సాధారణంగా కొద్ది నిమిషాల్లోనే తెలిసిపోతుంది. అందుకే అరగంట అక్కడే కూర్చోమంటారు. ఈ అరగంటలో చేయడానికంటూ ఎవరికీ ఏ పనీ ఉండదు. బిడ్డ ఏడుపు ఆగాక తల్లి ఫోన్ తీస్తుంది, పెద్దపిల్ల అందులోకి తొంగి చూస్తుంది.

ఇక్కడ పిల్లల పుస్తకాలు పెడదామన్న మాట వచ్చినప్పుడల్లా రెండు రకాల స్పందనలు కనిపిస్తాయి. మొదటిది: “మందులకే దిక్కు లేదు, పుస్తకాలెందుకు?” రెండోది: గోడకు జిరాఫీ బొమ్మ వేయించి, దాతల దగ్గర పుస్తకాలు పోగేసి, రిబ్బన్ కత్తిరించి ఫొటో దిగడం. మొదటి ప్రశ్నకు జవాబు చెప్పొచ్చు. ఎక్కువ నష్టం చేసేది రెండోదే. ఆర్నెల్లలో ఆ మూల పాత ఫైళ్లు పడేసే చోటుగా మారితే, “పెట్టి చూశాం, ఎవరూ ముట్టుకోలేదు” అన్న మాట స్థిరపడిపోతుంది.

ఆలోచన ఎక్కడిది

1989లో అమెరికాలోని బోస్టన్ సిటీ హాస్పిటల్‌లో బారీ జుకర్మన్, రాబర్ట్ నీడిల్‌మన్ అనే పిల్లల డాక్టర్లు మరికొందరితో కలిసి ‘రీచ్ ఔట్ అండ్ రీడ్’ అనే కార్యక్రమం మొదలుపెట్టారు. పేద కుటుంబాలు ఎక్కువగా వచ్చే ఆస్పత్రి అది. వెయిటింగ్ హాల్లో పుస్తకాలు పెడితే అవి మాయమయ్యేవి. దాన్ని దొంగతనంగా చూడొచ్చు. ఆ ఇళ్లలో పిల్లల పుస్తకాలు లేవని, కావాలనుకుంటున్నారని కూడా అర్థం చేసుకోవచ్చు. వాళ్లు రెండో దారిలో వెళ్లారు. హాల్లో స్వచ్ఛంద కార్యకర్తలు పిల్లలకు చదివి వినిపిస్తారు. లోపల పరీక్ష చేసేటప్పుడు డాక్టరే పుస్తకం చేతికిచ్చి, దాన్ని బిడ్డతో ఎలా చూడాలో తల్లికి రెండు మాటలు చెబుతారు. ఆ పుస్తకం ఇంటికే వెళ్లిపోతుంది. మొదట్లో పెట్టుకున్న పద్ధతిలో ఆరు నెలల వయసు నుంచి ఐదేళ్ల దాకా ప్రతి సాధారణ ఆరోగ్య పరీక్షకు ఇదే వరస.

2014లో అమెరికా పిల్లల వైద్యుల సంఘం దీన్ని ప్రాథమిక వైద్యంలో భాగంగా చేయాలని విధానపత్రంలో చెప్పింది. 2024లో మరోసారి అదే మాట చెప్పింది. ఈ పద్ధతి మీద జరిగిన పరిశోధనల్లో బలంగా తేలింది ఏమిటంటే, పుస్తకం, డాక్టర్ మాట కలిసి అందిన ఇళ్లలో పిల్లలతో పుస్తకాలు చూడటం పెరిగింది, పిల్లల మాటలూ మెరుగయ్యాయి. హాల్లో చదివి వినిపించడం ఒక్కటే చేస్తే ఇంత ఫలితం ఉంటుందనడానికి ఆధారాలు పలచన. మన దగ్గర ప్రతిపాదనలు మాత్రం ఎక్కువగా హాలు చుట్టూ, ఫర్నిచర్ చుట్టూనే తిరుగుతాయి.

బ్రిటన్‌లో 1992లో బర్మింగ్‌హామ్‌లో 300 కుటుంబాలతో మొదలైన ‘బుక్‌స్టార్ట్’ కూడా పసిపిల్లల ఆరోగ్య పరీక్షనే దారిగా వాడుకుంది. జపాన్ 2000లో టోక్యోలోని సుగినామి వార్డులో దీన్ని పరీక్షించి చూసి, తర్వాతి ఏడాది నుంచి స్థానిక సంస్థల ద్వారా పసిపిల్లల చెకప్‌ల దగ్గర పుస్తకాలివ్వడం మొదలుపెట్టింది. దేశాలు వేరు, డబ్బు వేరు, భాష వేరు. కానీ అందరూ చేసింది ఒకటే: కొత్తగా జనాన్ని రప్పించే పని పెట్టుకోలేదు, ఎలాగూ వచ్చి కూర్చునే చోటికి పుస్తకాన్ని తెచ్చారు. ఇది మనకు తెలియని విద్యేమీ కాదు. 1935లో పాతూరి నాగభూషణం కృష్ణా డెల్టా కాలువల మీద పడవ గ్రంథాలయం నడిపించారు. పడవెక్కితే గంటల తరబడి కూర్చోవాల్సిన రోజులవి.

“మందులు లేకుండా పుస్తకాలా” అన్న ప్రశ్నకు జవాబు కూడా ఇక్కడే ఉంది. పల్లె పిల్లల చదువు స్థాయిని ఇంటింటికీ వెళ్లి కొలిచే అసర్ సర్వే 2024లో చూస్తే, దేశంలోని గ్రామీణ ప్రాంతాల సర్కారు బడుల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 23.4 శాతం. చదువు దగ్గర కనిపించే ఈ వెనకబాటు అంతా బడిలోనే పుట్టదు. బడికి వచ్చేనాటికి బిడ్డ చెవిన పడ్డ మాటలెన్ని, చేతికి తగిలిన పుస్తకాలెన్ని అన్నది కూడా అందులో భాగమే. ఆ మొదటి రెండేళ్లలో ప్రభుత్వ మనిషి ఎవరైనా బిడ్డను కచ్చితంగా చూస్తున్నారంటే అది బడి పంతులు కాదు, టీకా వేసే ఏఎన్ఎమ్.

ఏ రోజు ఎవరు వస్తారు

పుస్తకాల మూల రూపకల్పనలో మొట్టమొదట చూడాల్సింది గోడ రంగు కాదు, ఓపీ రిజిస్టర్. జాతీయ టీకాల పట్టిక ప్రకారం బిడ్డ పుట్టినప్పుడు, ఆరు, పది, పద్నాలుగు వారాలకు, తొమ్మిది నెలలు నిండాక, 16 నుంచి 24 నెలల మధ్య, ఆ తర్వాత ఐదేళ్లు దాటాక టీకాలుంటాయి. అంటే బుధ, శనివారాల్లో వచ్చే పిల్లల్లో అత్యధికులు రెండేళ్ల లోపు వాళ్లు. వాళ్ల వెంట ఇంట్లో వదిలేసి రాలేని అక్కలో అన్నలో ఉంటారు, మూడు నుంచి ఐదేళ్ల వాళ్లు. మిగతా రోజుల్లో వచ్చేవాళ్లు జ్వరంతో, దగ్గుతో, విరేచనాలతో వచ్చే పిల్లలు, వాళ్లలో బడి ఈడు వాళ్లూ ఉంటారు.

ఇప్పుడు సాధారణంగా ఆ అరల్లో కనిపించే పుస్తకాలు చూడండి. నీతికథల సంపుటాలు, మహనీయుల జీవిత చరిత్రలు, సామాన్య జ్ఞానం క్విజ్ పుస్తకాలు. అంటే ఎనిమిది నుంచి పన్నెండేళ్ల పిల్లలవి. ఆ వయసు పిల్లలు బుధవారం పొద్దున బడిలో ఉంటారు. వచ్చిన పసివాళ్లకు పనికొచ్చే పుస్తకం అక్కడ ఒక్కటీ ఉండదు. ఆ మూల దగ్గరికి ఎవరూ రాకపోవడానికి జనం ఆసక్తి లోపించడం కంటే ఈ తేడాయే పెద్ద కారణం.

అమెరికా పద్ధతిని ఉన్నదున్నట్టు దించుకోలేకపోవడానికి కారణం కూడా ఈ పట్టికే. అక్కడ ఆరు నెలల నుంచి ఐదేళ్ల లోపు ఆరోగ్యంగా ఉన్న బిడ్డను కూడా పదిసార్లకు దగ్గరగా డాక్టర్‌కు చూపిస్తారు. మన పట్టికలో తొమ్మిది నెలల తర్వాత టీకా కోసం కలిసేది మూడు దశల్లోనే. రెండేళ్ల నుంచి ఐదేళ్ల దాకా, అంటే మాటలు పుట్టలుగా వచ్చే వయసులో, సూది పని లేదు. ఆ ఖాళీలో క్రమం తప్పకుండా వచ్చేవి ముఖ్యంగా రెండు. ఒకటి, తొమ్మిది నెలల నుంచి ఐదేళ్ల దాకా ఆర్నెల్లకోసారి వేసే విటమిన్ ఎ చుక్కలు, మొత్తం తొమ్మిది మోతాదులు. రెండోది, ఫిబ్రవరిలో, ఆగస్టులో వచ్చే నులిపురుగుల నిర్మూలన దినం. వీటిలో చాలా పని అంగన్‌వాడీల్లోనే జరుగుతుంది. కాబట్టి పుస్తకాల మూలకు ఒక కాలు పీహెచ్‌సీలో, ఇంకో కాలు అంగన్‌వాడీలో ఉండక తప్పదు.

నగరాల్లో లెక్క ఇంకాస్త మారుతుంది. హైదరాబాద్‌లో 2018లో మొదలైన బస్తీ దవాఖానాలు చాలావరకు చిన్న చిన్న గదుల్లో, కమ్యూనిటీ హాళ్లలో నడుస్తున్నాయి. అక్కడ మూల అనేందుకు మూలే ఉండదు. గోడకు తగిలించే జేబుల గుడ్డ, ఒక చాప, మూతున్న ప్లాస్టిక్ డబ్బా చాలు. ఉన్న స్థలం మూడు బెంచీలకే సరిపోయేచోట షెల్ఫు పెడితే రోగులే దాన్ని శత్రువులా చూస్తారు.

అరగంటలో జరిగేది

పుస్తకం ఉన్నంత మాత్రాన ఏడాది బిడ్డ చదవదు. పక్కన పెద్ద మనిషి ఉండి మాట్లాడితేనే అది పని చేస్తుంది. 1988లో గ్రోవర్ వైట్‌హర్స్ట్ బృందం ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ఇప్పటికీ ప్రస్తావనకు వస్తుంది. తల్లిదండ్రులు కథను చదివేసి ఊరుకోకుండా బొమ్మ చూపించి ప్రశ్నలడగడం, బిడ్డ చెప్పిన ముక్కకు ఇంకో ముక్క కలిపి తిరిగి చెప్పడం నేర్చుకున్నారు. నెల రోజుల్లోనే ఆ పిల్లల మాటల్లో తేడా కనిపించింది.

ఇది మన వరండాలో ఎలా ఉంటుందంటే: మంచం కింద పడుకున్న కుక్క బొమ్మ. “ఇదేంట్రా?” అంటుంది నాయనమ్మ. “బౌ బౌ” అంటాడు వాడు. “ఆఁ, కుక్క. మంచం కింద దూరింది. ఎందుకు దూరిందో?” అంతే. ఇందులో ఒక్క అక్షరం కూడా చదవాల్సిన పని లేదు. 2011 జనాభా లెక్కల ప్రకారం తెలంగాణలో ఆడవాళ్ల అక్షరాస్యత 58 శాతం. పిల్లల్ని ఆస్పత్రికి తెచ్చే అమ్మమ్మలు, నాయనమ్మల తరంలో అది ఇంకా తక్కువ. “మాకు చదువు రాదమ్మా” అని వాళ్లు పుస్తకం తాకడానికే జంకుతారు. అందుకే మూలలో పెట్టే మొదటి పుస్తకాలు మాటల్లేని బొమ్మల పుస్తకాలు కావాలి. పొడుపుకథలు, లాలిపాటలు నోటికొచ్చిన మనిషికి బొమ్మ చూసి కథ అల్లడం కష్టం కాదు. అలా చేయొచ్చని ఎవరైనా చెప్పాలి, అంతే.

ఎవరు చెబుతారన్నదే చిక్కు. టీకా వేశాక ఏఎన్ఎమ్ చెప్పాల్సినవి నాలుగు మాటలున్నాయి: ఏ టీకా వేశాం, దానివల్ల ఏమేం రావచ్చు, మళ్లీ ఎప్పుడు రావాలి, కార్డు జాగ్రత్త. ఐదో మాటగా “ఈ బొమ్మల పుస్తకం బిడ్డతో కలిసి చూడండి” అని చేర్చడానికి పది సెకన్లు పడుతుంది. కానీ ఆమె ముందు వరసలో ముప్పై మంది ఉంటారు, టీకాల ఆన్‌లైన్ పోర్టల్ యూ-విన్‌లో వివరాలు ఎక్కించే పనీ ఆమెదే. పది సెకన్లు కూడా ఒక్కోసారి బరువే. అరగంట కూర్చునే తల్లుల దగ్గరే తానూ ఉండేది ఆశా కార్యకర్త. ఆచరణలో ఈ పని ఆమెకే పడుతుంది. పూర్తిస్థాయి జీతం వచ్చే ఉద్యోగం కాదు ఆమెది. ఊరికే ఇంకో బాధ్యత తగిలిస్తే కాగితం మీద జరిగినట్టు చూపడం తప్ప ఇంకేం జరగదు. పక్కన జూనియర్ కాలేజీ, డిగ్రీ కాలేజీ ఉన్నచోట ఎన్ఎస్ఎస్ పిల్లల్ని, రిటైరైన టీచర్లను టీకాల రోజుకు రప్పించడం మెరుగు. వారానికి రెండే పూటలు కాబట్టి అది అసాధ్యమేమీ కాదు.

వెయిటింగ్ హాల్లో టీవీ ఉంటే దాన్ని టీకాల పూటైనా ఆపేయాలి. వెనక టీవీ మోగుతుంటే పెద్దలు పిల్లలతో మాట్లాడటం తగ్గిపోతుందని పరిశోధనలు చెబుతున్నాయి. రెండేళ్ల లోపు పిల్లలకు అసలు స్క్రీనే వద్దని భారత పిల్లల వైద్యుల సంఘం సూచన. ఆస్పత్రి గోడ మీద ఆ సూచన పోస్టర్, దాని పక్కనే కార్టూన్ చానల్ ఉండటం కాస్త వింతగానే ఉంటుంది.

చోటు ఎక్కడ, ఎంత

తల్లి పుస్తకాల దగ్గర కూర్చోవాలంటే ముందు ఆమెకు ఒక టెన్షన్ తీరాలి: నంబర్ పిలిస్తే వినిపిస్తుందా? వరండా చివర, మెట్ల కింద, వెనక గదిలో ఎంత అందంగా పెట్టినా ఎవరూ వెళ్లరు. వరస పోతుందన్న భయం పుస్తకం మీద ఇష్టం కంటే ఎప్పుడూ పెద్దదే. కాబట్టి డాక్టర్ గది తలుపు, టోకెన్ పిలిచే మనిషి కళ్లెదుట కనిపించే చోటే సరైనది.

దానికి ఎదురు నిలిచే రెండో నియమం, టీకా గది తలుపు అక్కడికి కనిపించకూడదు. లోపల ఒక బిడ్డ గుక్కపెట్టి ఏడుస్తుంటే బయట నలుగురు మొదలుపెడతారు. మూడో నియమం, దగ్గు రోగులు కూర్చునే చోటికి, ముఖ్యంగా క్షయ పరీక్ష కోసం గళ్ల ఇచ్చే చోటికి దూరంగా ఉండాలి. ఈ మూడూ కుదిరే జాగా చాలా పీహెచ్‌సీల్లో ఒక్కటే దొరుకుతుంది: ముందు వరండాలో, గాలి ఆడే కిటికీ పక్కన, మందులిచ్చే కౌంటర్‌కు అవతలి వైపు.

కొలతల విషయానికొస్తే ఆరడుగులు ఎనిమిదడుగుల చోటు సరిపోతుంది. నేల మీద కడగడానికి వీలైన ప్లాస్టిక్ చాప పరచాలి, గుడ్డ తివాచీ పనికిరాదు. పుస్తకం అట్ట ముందుకు కనిపించేలా సన్నటి పలకలతో చేసిన అర కావాలి, అది పెద్దవాళ్ల నడుము ఎత్తు దాటకూడదు. బీరువాలో పేర్చినట్టు పుస్తకాల వెన్నులు కనిపిస్తే అక్షరాలు రాని బిడ్డకు అవన్నీ ఒకటే. పక్కగా ఒక బెంచీ తప్పనిసరి, ఎందుకంటే సిజేరియన్ అయిన తల్లి, మోకాళ్ల నొప్పుల అమ్మమ్మ కింద కూర్చోలేరు. చాలా డిజైన్లలో పిల్లల చిన్న కుర్చీలుంటాయి, పెద్దవాళ్లకు చోటే ఉండదు. అప్పుడు పెద్దవాళ్లు దూరంగా నిలబడి ఫోన్ చూసుకుంటారు, పిల్లలు పుస్తకాలు విసురుకుంటారు. చెప్పులు విప్పే చోటు, చేతులు కడుక్కునే కుళాయి దగ్గర్లో ఉంటే మిగతా శుభ్రత సగం దారిలో పడుతుంది. గోడకు నాలుగడుగుల ఎత్తు దాకా ఆయిల్ పెయింట్ వేస్తే తుడవడం తేలిక.

పుస్తకాలతో జబ్బులు అంటుకోవా

ఇది ఉత్త అనుమానం కాదు. కోవిడ్ సమయంలో చాలా దేశాల్లో క్లినిక్కుల్లోంచి బొమ్మలు, పత్రికలు తీసేశారు. 2002లో న్యూజిలాండ్ డాక్టర్ల వెయిటింగ్ రూముల్లోని బొమ్మల మీద ప్రచురితమైన ఒక అధ్యయనంలో, మెత్తటి గుడ్డ బొమ్మల మీద సూక్ష్మక్రిములు బాగా ఎక్కువగా, గట్టి బొమ్మల మీద చాలా తక్కువగా కనిపించాయి. అంటే చూడాల్సింది ఆ వస్తువును తుడవగలమా లేదా అన్నది. గుడ్డ పుస్తకాలు, బొచ్చు బొమ్మలు ఆస్పత్రిలో వద్దు. లామినేట్ చేసిన అట్ట పుస్తకాలను స్పిరిట్ గుడ్డతో తుడిచి మళ్లీ పెట్టుకోవచ్చు. తొమ్మిది నెలల బిడ్డ ఎలాగూ పుస్తకాన్ని ముందు నోట్లోనే పెట్టుకుంటుంది, అది ఆ వయసు లక్షణం. తుడవలేని పుస్తకం ఆ చేతికి ఇవ్వకూడదు.

అయితే భయాన్ని సరైన చోట పెట్టుకోవాలి. తట్టు వైరస్ గాలిలో రెండు గంటల దాకా ఉండగలదు. దగ్గు, జలుబు ప్రధానంగా వ్యాపించేది పక్కపక్కన కూర్చోవడం వల్ల. అందుకే పుస్తకాన్ని తుడవడం కంటే కిటికీ తెరవడం, జ్వరంతో వచ్చిన పిల్లల్ని టీకాకు వచ్చిన పిల్లలతో కలపకపోవడం ముఖ్యం. విరేచనాలు, చేతులు కాళ్లు నోటి మీద పొక్కులు వచ్చే జబ్బు లాంటివి చేతుల ద్వారా పోతాయి కాబట్టి అక్కడ కుళాయి, సబ్బు పని చేస్తాయి. తేలిగ్గా నడిచే పద్ధతి రెండు డబ్బాలు పెట్టుకోవడం. టీకాల రోజు బయటికి వచ్చేది ఒకటి, పూట అయ్యాక తుడిచి ఆరబెట్టేది ఇంకోటి. సాధారణ ఓపీ రోజుల్లో పుస్తకాలు అరలో ఉంచకుండా, అడిగిన పెద్ద పిల్లలకు ఒక్కొక్కటి చేతికిస్తే చాలు. వానాకాలంలో చెమ్మకు పేజీలు అంటుకుపోవడం, చెదలు పట్టడం వేరే సమస్య. అర గోడకు ఆనకుండా బెత్తెడు ఎడం ఉండాలి.

ఏ పుస్తకాలు

మంచి తెలుగు బొమ్మల పుస్తకాలు దొరకవన్న మాట పాతబడింది. మంచి పుస్తకం, తూలిక, ప్రథమ్ బుక్స్, నేషనల్ బుక్ ట్రస్ట్ తెలుగులో పిల్లల పుస్తకాలు వేస్తున్నాయి, పలచటివి చాలావరకు వంద రూపాయల లోపే. ప్రథమ్ బుక్స్ 2015లో మొదలుపెట్టిన స్టోరీవీవర్‌లోని కథలను ఉచితంగా దించుకుని ప్రింట్ చేసుకునే అనుమతి కూడా ఉంది. నిజంగా కొరత ఉన్నది ఏడాది పిల్లలు పట్టుకునే గట్టి అట్టల పుస్తకాలకు. అవి తెలుగులో తక్కువ, ధర ఎక్కువ. పాతబస్తీలో ఉర్దూ, ఏజెన్సీలో కోయ, గోండి, తండాల్లో లంబాడీ మాట్లాడే ఇళ్లకు, ఇటుక బట్టీల్లో పనికి వచ్చిన ఒడిశా కుటుంబాలకు మాటల్లేని పుస్తకాలే ఎక్కువ అక్కరకొస్తాయి. తల్లి తన భాషలోనే చెప్పుకోవచ్చు.

దానంగా వచ్చే పుస్తకాలను జల్లెడ పట్టక తప్పదు. ఇంట్లో అడ్డంగా ఉన్న గైడ్లు, చిరిగిన ఇంగ్లిష్ వర్క్‌బుక్కులు, పోటీ పరీక్షల మెటీరియల్ వచ్చి పడతాయి. వద్దనడం మొహమాటం, ఉంచుకుంటే అర నిండిపోతుంది. ఇంకో జాగ్రత్త స్పాన్సర్ల విషయంలో. పాలపొడి, పసిపిల్లల ఆహారం అమ్మే కంపెనీలు ఆరోగ్య కేంద్రాల్లో తమ ప్రచార సామగ్రి పెట్టడాన్ని, పంచడాన్ని 1992 నాటి చట్టం, 2003 సవరణ నిషేధిస్తున్నాయి. కంపెనీ గుర్తున్న బొమ్మల పుస్తకమైనా, ఎత్తు కొలిచే చార్టైనా ఆ నిషేధం పరిధిలోకే వస్తుంది.

డాక్టర్‌కు దొరికే ఆధారం

పుస్తకం బిడ్డ చేతిలో ఉన్న రెండు నిమిషాలు గమనించేవాళ్లకు చాలా చెబుతాయి. ఆరు నుంచి పన్నెండు నెలల బిడ్డ దాన్ని అందుకోవాలని చెయ్యి చాస్తుంది. ఏడాది దాటాక ఒక్క వేలితో బొమ్మ చూపిస్తుంది, గట్టి అట్టల పేజీలు తిప్పుతుంది. రెండేళ్లకు దగ్గర పడుతుంటే తెలిసిన బొమ్మల పేర్లు చెబుతుంది. ఏడాదిన్నర దాటినా వేలితో చూపించకపోవడం, పేరు పెట్టి పిలిస్తే తిరక్కపోవడం, బొమ్మను ముక్కుకు ఆనించి చూడటం గమనిస్తే ఇంకాస్త జాగ్రత్తగా చూడాలని అర్థం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం పిల్లల్లో ఎదుగుదల ఆలస్యాలను ముందుగా పట్టుకోవడానికి కూడా ఉంది, అక్కడి నుంచి జిల్లా కేంద్రాలకు పంపే ఏర్పాటూ ఉంది. పుస్తకం ఒక పరీక్ష కాదు, దాన్ని చూసి ఎవరికీ జబ్బు పేరు అంటించకూడదు. బరువు తూచి పంపేసే చోట బిడ్డను రెండు నిమిషాలు ఎక్కువసేపు చూసే సాకు మాత్రం అవుతుంది.

పోయిన పుస్తకం ఏ ఖాతాలో

అన్నీ కుదిరాక మూల మూతపడేది ఇక్కడ. పుస్తకాలు రాగానే వాటిని స్టాక్ రిజిస్టర్‌లో కుర్చీలు, ఫ్యాన్లతో పాటు ఎక్కిస్తారు. ఏడాది చివర లెక్క తేలకపోతే జవాబు చెప్పాల్సింది ఇన్‌చార్జి. ఆ ఫార్మసిస్టో స్టాఫ్ నర్సో చేసే అత్యంత సహజమైన పని బీరువాకు తాళం వేయడం. అందులో వాళ్ల తప్పేమీ లేదు, నిబంధన అలా ఉంది. కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి 2017 గ్రంథాలయాలకు కొంత వెసులుబాటు ఇచ్చింది. ఏడాదిలో చదవడానికి ఇచ్చిన ప్రతి వెయ్యి పుస్తకాల్లో ఐదు పోతే, నిర్లక్ష్యమో మోసమో లేకపోతే, దాన్ని సహజ నష్టంగా చూడొచ్చు. లైబ్రేరియన్ కూర్చుని ఇచ్చి పుచ్చుకునే చోటుకు వేసిన లెక్క అది. పసిపిల్లలు నమిలే, చించే, చంకన పెట్టుకుని ఇంటికి పట్టుకెళ్లే చోట వెయ్యికి ఐదు ఏ మూలకూ చాలదు.

దీనికి దారి రిజిస్టర్‌లోనే ఉంది. ఆరోగ్య కేంద్రంలో దూది, సిరంజీలు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు ఖర్చయ్యే సరుకు కింద వస్తాయి. ఓఆర్ఎస్ ప్యాకెట్ ఇంటికి వెళ్లిందని ఎవరూ రికవరీ పెట్టరు, వెళ్లడానికే అది వచ్చింది. చిన్న పిల్లల పుస్తకాన్ని కూడా ఆ పట్టీలో రాస్తే తాళం అవసరం పోతుంది. బీరువాలో చెక్కుచెదరకుండా ఉన్న యాభై పుస్తకాల కంటే, ఏడాదిలో నలభై ఇళ్లకు వెళ్లిపోయిన పుస్తకాలే పని చేసినట్టు లెక్క.

అప్పుడు డబ్బు లెక్క వస్తుంది. మైదాన ప్రాంతంలో పీహెచ్‌సీకి 30 వేల జనాభా ప్రమాణం. వెయ్యికి 16 చొప్పున కాన్పులు అనుకుంటే ఏడాదికి 480 మంది పిల్లలు. తొమ్మిది నెలలకు, ఏడాదిన్నరకు, ఐదేళ్లకు ఒక్కో పుస్తకం, సగటున యాభై రూపాయలు వేసుకుంటే 72 వేలు. తట్టు టీకాకు వచ్చే తొమ్మిది నెలల బిడ్డకు ఒక్కటే ఇస్తే 24 వేలు. గట్టి అట్టల పుస్తకమైతే ఇది రెండింతలు కావచ్చు. పైగా టీకాల్లో కొంత భాగం సబ్ సెంటర్లలో, అంగన్‌వాడీల్లో, ప్రైవేటు ఆస్పత్రుల్లో పడుతుంది కాబట్టి పీహెచ్‌సీ గుమ్మంలో పంచేది ఇంకా తక్కువే ఉంటుంది.

ఆస్పత్రి అభివృద్ధి సంఘం నిధులకు అప్పటికే పది అవసరాలుంటాయి: బల్బులు, ఫినాయిల్, నీళ్ల మోటారు. పుస్తకం వాటితో పోటీ పడి గెలవదు. ఇంకో ఖాతా ఉంది. ఆస్తి పన్నుతో పాటు రూపాయికి ఎనిమిది పైసలు గ్రంథాలయ సెస్సుగా వసూలవుతుంది, అది జిల్లా గ్రంథాలయ సంస్థకు చేరాలి. ఆ సంస్థలకు ఊళ్లలో పుస్తక నిక్షేప కేంద్రాలు, అంటే కొన్ని పుస్తకాలు ఉంచి చదువుకోనిచ్చే చోట్లు, నడిపే అలవాటు ఎప్పటి నుంచో ఉంది. నిక్షేప కేంద్రం పంచాయతీ ఆఫీసులోనే ఉండాలన్న నియమం లేదు, ఆరోగ్య కేంద్రం వరండాలోనూ ఉండొచ్చు. అలా చేస్తే నెలకోసారి పుస్తకాలు మార్చే పని, పాతవి తీసేసే పని గ్రంథాలయం వాళ్లది అవుతుంది. కూర్చోబెట్టి చూపించే పని ఆరోగ్య కేంద్రానిది. స్థానిక సంస్థల నుంచి సెస్సు బకాయిలు సకాలంలో రావడం లేదన్న ఫిర్యాదు గ్రంథాలయ సంస్థల వైపు నుంచి ఏళ్లుగా వినిపిస్తున్నదే కాబట్టి, ఈ దారి కూడా కాగితం మీద కనిపించినంత నున్నగా ఉండదు. తొమ్మిది నెలల పుస్తకంతో మొదలుపెట్టి, మిగతా రెండూ బకాయిలు వచ్చినకొద్దీ కలుపుకోవడం అందుకే నయం.